ముత్తాత బంగారు గడియారం, వెనక మూత మీద రాజు బొమ్మ. కరిగించమంటున్నారు, ఏం చేయాలి?

కొంగారెడ్డిపల్లె:

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. మా అవ్వ దగ్గర ఒక పాత జేబు గడియారం ఉంది. వారం పది రోజుల్లో దాని మీద ఇంట్లో ఏదో ఒకటి తేల్చేసేలా ఉన్నారు, నాకు చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

ముందు వస్తువు ఎలా ఉందో రాస్తాను. గొలుసు తీసేసి తూకం వేస్తే 94 గ్రాములు వచ్చింది. ముందు వైపు మూత ఉంది, పైన బొడిపె నొక్కితే టక్కున తెరుచుకుంటుంది. లోపల తెల్లటి డయల్, రోమన్ అంకెలు, ఆరు దగ్గర సెకన్లకు వేరే చిన్న వలయం, ముళ్లు ముదురు నీలం. డయల్ మీద చాలా సన్నటి అక్షరాల్లో పి. ఓర్ అండ్ సన్స్, మద్రాస్ అని ఉంది. అసలు సంగతి వెనక మూతలో ఉంది. మూతంతా నీలం మీనా పని, నెమలి మెడ రంగు. దీపం దగ్గర పట్టుకుని కాస్త వంచితే ఆ నీలం లోపల సన్నటి అలలు కదులుతున్నట్టు కనిపిస్తాయి. చిన్నప్పుడు అవ్వ ఒళ్లో కూర్చుని ఆ అలలు చూడటం కోసమే దాన్ని అడిగి తీయించేవాళ్లం. మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో, బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దగా, ఒక దొర బొమ్మ ఉంది. గడ్డం, ఎర్రకోటు, ఎడమ భుజం మీది నుంచి కిందికి నీలం పట్టీ, ఛాతీ మీద నక్షత్రం లాంటి పతకం. కంటిపాపలో ఒక తెల్లచుక్క కూడా పెట్టారు, అంత చిన్న బొమ్మలో! బొమ్మ చుట్టూ దారమంత ఎర్రగీత ఉంది. గడ్డం కింద ఒకచోట ఆవగింజంత పెచ్చు ఊడిపోయి లోపలి బంగారం పచ్చగా కనిపిస్తోంది.

మా ముత్తాత కలెక్టరాఫీసులో పని చేశారు. అప్పట్లో చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. ఇంట్లో చెప్పుకునేది ఏమిటంటే, రాజుగారు మద్రాసు వచ్చినప్పుడు ముత్తాత వాళ్ల నాయనకు స్వయంగా ఇచ్చారని. ఏ రాజు అని అడిగితే నాయన జార్జి అంటాడు, అత్త ఎడ్వర్డ్ అంటుంది, అవ్వ మాత్రం "దొర" అంటుంది, అంతే.

ఇప్పుడు చిన్నాన్నకు డబ్బు అవసరం పడింది. చెల్లెలి కాలేజీ సీటు కోసం. అవసరం నిజమే, ఆయన్ని తప్పు పట్టడం లేదు. పోయిన వారం ఒక నగల షాపుకు తీసుకెళ్లి చూపించాడు. వాళ్లు "ఇది 916 కాదు, కల్తీ బంగారం, మీనా పనికి ధర ఉండదు, గీకేసి కరిగిస్తే ఎంత వస్తే అంత" అన్నారట. గీటురాయి మీద గీసి చూస్తామంటే నాయన వద్దని వెనక్కి తెచ్చేశాడు. చిన్నాన్న లెక్క ఏమిటంటే 94 గ్రాములంటే దగ్గర దగ్గర పన్నెండు సవర్లు, ముగ్గురికీ తలా నాలుగు. అమెరికాలో ఉన్న అత్త కొడుకేమో తనకు ఇస్తే అక్కడ వేలంలో పెడతానంటున్నాడు.

ఇది నిజంగా కల్తీయా? బొమ్మ ఎవరిది? ఇంకోటి, ముప్పై ఏళ్లుగా ఇది ఆగిపోయి ఉంది, కీ ఇచ్చి చూడొచ్చా? ఫోటోలు పెట్టాను.

రూపాయి బిళ్ళ (తిరుపతి):

మొదటి మాట, ఎవరి చేతికీ ఇవ్వకండి. గీటురాయి మీద గీయనివ్వకపోవడం మీ నాయన చేసిన గొప్ప పని.

బొమ్మ ఎవరిదో మీ ఇంట్లోనే తేలిపోతుంది. దేవుడి గూట్లోనో బీరువా అడుగునో పాత వెండి రూపాయలు ఉంటాయి కదా, మన వైపు ప్రతి పాత ఇంట్లోనూ ఒకటో రెండో ఉంటాయి. తీసి పక్కన పెట్టండి. 1903 నుంచి 1910 వరకు వేసిన రూపాయి మీద ఏడో ఎడ్వర్డ్ ఉంటాడు, తల మీద కిరీటం ఉండదు, నుదురు పైదాకా బట్టతల, మనం చూస్తుంటే కుడివైపుకు తిరిగి ఉంటాడు. 1911 నుంచి వచ్చినవాటి మీద అయిదో జార్జి, కిరీటం, భుజాల మీద రాజవస్త్రం, ఎడమవైపుకు చూపు. తండ్రీకొడుకులిద్దరికీ గడ్డమే కాబట్టి ఇళ్లలో పేర్లు మారిపోతుంటాయి. ఎడ్వర్డ్ ముఖం బొద్దుగా, కళ్ల కింద ఉబ్బుగా, గడ్డం నెరిసి ఉంటుంది. జార్జికి జుట్టు ఉంది, పక్కపాపిడి. మీ ఫోటోలో నుదురు మెరుస్తూ వెనకదాకా పోయింది, నాకు అది నూటికి నూరుపాళ్లు ఎడ్వర్డే అనిపిస్తోంది. భుజం మీది నీలం పట్టీ బ్రిటిష్ వాళ్ల గార్టర్ బిరుదుది, దాన్ని ఎడమ భుజం మీది నుంచి కుడి నడుముకు వేసుకుంటారు, మీరు రాసినదీ అదే.

రూపాయల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. 1911 జార్జి రూపాయి దొరికితే పక్కన పెట్టుకోండి. ఆయన వస్త్రం మీద ఏనుగు బొమ్మ ఉండాలి, కానీ దాని తొండం పొట్టిగా వచ్చి పందిలా కనిపించింది, జనం గొడవ చేస్తే మరుసటి ఏడాదికి ఏనుగును సరిదిద్ది కొత్తవి వేశారు.

ఇక మీ ఇంటి కథ. ఎడ్వర్డ్ రాజయ్యాక మన దేశానికి రాలేదు. 1903 జనవరి 1న ఢిల్లీలో ఆయన పేరు మీద దర్బారు జరిగినా రాజు రాలేదు, వైస్రాయి కర్జన్ నడిపించాడు, రాజు తమ్ముడు వచ్చాడు. ఎడ్వర్డ్ మద్రాసు వచ్చింది 1875 డిసెంబరులో, అప్పటికి యువరాజు, వయసు ముప్పై నాలుగు. అప్పుడు ఇచ్చిన గడియారమైతే దాని మీద ముప్పై నాలుగేళ్ల మనిషి ఉండాలి కదా. మీ బొమ్మలో అరవై దాటిన మనిషి ఉన్నాడు. 1901 జనవరిలో విక్టోరియా చనిపోయాక రాజై 1910 మే దాకా ఉన్నాడు కాబట్టి గడియారం ఆ తొమ్మిదేళ్లలోది అయ్యుంటుందని నా అంచనా. స్వయంగా ఇచ్చాడన్నది నిలబడదు. అంతమాత్రాన మీ ముత్తాతగారికి అది ఊరికే రాలేదు, ఏదో ఒక పెద్ద సందర్భం ఉండే ఉంటుంది.

తీర్థకట్ట వీధి:

కొంగారెడ్డిపల్లె గారూ, నేను తిరుపతిలో నలభై ఏళ్లు గడియారాల పని చేసి ఇప్పుడు కళ్లు సహకరించక మానేశాను. మీ ఫోటోలు మా మనవడి ల్యాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూశాను. ఇలాంటి పని నా చేతికి జీవితంలో రెండుసార్లే వచ్చింది.

కీ ఇవ్వకండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. ముప్పై ఏళ్లలో లోపలి నూనె ఎండి జిగురైపోయి ఉంటుంది. ఆ స్థితిలో కీ తిప్పితే స్ప్రింగు బలమంతా చక్రాల పళ్ల మీద పడుతుంది, ఒక పన్ను విరిగినా దానికి విడిభాగం ఈరోజు బజార్లో దొరకదు, ఎవరైనా కూర్చుని చేయాల్సిందే. ఇళ్లలో పెద్దవాళ్లు మంచి ఉద్దేశంతో కొబ్బరినూనె చుక్క వేస్తుంటారు, కుట్టుమిషన్ నూనె కూడా, రెండూ వద్దు. సెల్‌ఫోన్ పక్కన, స్పీకర్ పక్కన పెట్టకండి, లోపలి వెంట్రుకంత స్ప్రింగుకు అయస్కాంతం పడితే చుట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి.

కల్తీ అన్న మాట నన్ను బాధపెట్టింది. మనకు బంగారమంటే 22 కేరట్, 916. గడియారం డొక్కుకు, అంటే యంత్రం చుట్టూ ఉండే పైపెట్టెకు, అది పనికిరాదు, మెత్తన. రోజుకు పదిసార్లు మూత తెరిచి మూస్తే అంచులు వంగిపోతాయి, స్ప్రింగు ఆనే చోటు అరిగిపోతుంది. అందుకే స్విట్జర్లాండ్‌లో మంచి గడియారాలకు 18 కేరట్ వాడేవాళ్లు, అంటే వెయ్యికి 750 పాళ్లు బంగారం. దాన్ని వాళ్లు దాచిపెట్టలేదు, ముద్ర కొట్టి చెప్పారు. వెనక మూత అంచులో గోరు పెట్టడానికి చిన్న పెదవిలాంటి చోటు ఉంటుంది. మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద పెట్టుకుని, గోరుతోనే తెరవండి, చాకు వద్దు. మూత లోపలివైపు భూతద్దంతో చూస్తే 18 కె అనో 0,750 అనో, పక్కన ఆడమనిషి తల ఉన్న ఒక చిన్న ముద్రో కనిపించాలి. ఆ తల ముద్ర స్విస్ ప్రభుత్వం 18 కేరట్ బంగారానికి వేసేది, 14 కేరట్‌కు ఉడుత. 1880లో వాళ్లు చేసిన చట్టం వల్ల వచ్చిన ముద్రలు ఇవి. అది ఉందంటే గడియారం 1875ది కాదని రూపాయి బిళ్ళ గారు చెప్పిన దానికి సాక్ష్యం కూడా దొరికినట్టే. డయల్ మీద మద్రాసు పేరు చూసి అక్కడే తయారైందనుకోకండి. మౌంట్ రోడ్డులో ఉన్న ఆ షాపు చాలా పేరున్నది, వెండి మీద దేవతల బొమ్మలు చెక్కిన స్వామి పని సామాన్లకు కూడా వాళ్లే ప్రసిద్ధి. అమ్మే షాపు పేరు డయల్ మీద వేయించుకోవడం ఆ రోజుల్లో మామూలే, లోపలి యంత్రం మాత్రం బయటినుంచి వచ్చేది.

ఇప్పుడు ఆ నీలం సంగతి. ఎనామిల్, అంటే మీరు రాసిన మీనా, రంగు పూత కాదు, గాజు. గాజును మెత్తగా నూరి, లోహాల భస్మాలు కలిపి, బంగారం మీద తడిపొడిగా పరిచి, ఎనిమిది వందల డిగ్రీల దగ్గర కొలిమిలో పెడితే కరిగి బంగారానికి అతుక్కుంటుంది. నీలానికి కోబాల్ట్, తెల్లదనానికి తగరం భస్మం, గులాబీ ఛాయకు బంగారాన్నే కరిగించి వాడతారు. మీరు చిన్నప్పుడు చూసిన అలలు నీలంలో లేవు, దాని కిందున్న బంగారం మీద ఉన్నాయి. చెయ్యి తిప్పే ఒక యంత్రంతో గీత పక్కన గీత చెక్కి, ఆ గీతల మీద అద్దంలాంటి నీలం పోస్తారు, అందుకే వెలుగు పడగానే కదులుతాయి. బొమ్మ వేయడం ఇంకా కష్టం. నాలుగైదు వెంట్రుకలున్న కుంచెతో చుక్క చుక్కగా వేసి కాల్చి, మళ్లీ వేసి మళ్లీ కాల్చి, ఒక్కో కాల్పుకు ఒక్కో రంగు నిలబెట్టుకుంటూ పోవాలి. చివరి కాల్పులో పగిలిందంటే మొదటినుంచి చేసిందంతా పోయినట్టే. పైన రంగులేని గాజుపొర ఒకటి వేయడం జెనీవా వాళ్ల పద్ధతి, దానివల్లే వంద, రెండొందల ఏళ్ల ముఖాలు కూడా నిన్న వేసినట్టు ఉంటాయి. మీది చేత్తో వేసిందో అచ్చు బొమ్మో తెలియాలంటే పది రెట్లు చూపించే భూతద్దంతో చెంప దగ్గర చూడండి. చుక్కలు చిన్నా పెద్దా, దగ్గరా దూరంగా ఉంటే చేతిపని. వరసల్లో నిలబెట్టినట్టు ఒకే కొలతలో ఉంటే అచ్చు.

దీన్ని గీకేయమన్నారంటే గీకేవాళ్లకు దాని కింద ఏముందో తెలియదన్నమాట.

ఒక్క అనుమానం. బొమ్మ చుట్టూ ఎర్రగీత అన్నారు. ఎర్ర ఎనామిల్ అయితే మిగతా దానిలాగే మెరవాలి. ఫోటోలో అది మెరవడం లేదు, పొడిబారినట్టు ఉంది. మీ ఇంట్లో ఆయుధపూజకు దీన్ని పెడతారా?

పలమనేరు బైపాస్:

పైన పెద్దాయన రాసింది చదివి గుండె బరువెక్కింది. మా ఇంట్లో ఇలాంటిదే ఉండేది, దాని మీద రాజు లేడు, పూలగుత్తి ఉండేది, గులాబీలు. 2009లో మా అక్క పెళ్లప్పుడు కరిగించేశారు. నాకు అప్పుడు ఇంటర్. కరిగించే ముందు షాపువాళ్లు సుత్తితో పక్కనుంచి కొడుతుంటే గాజు పెచ్చులు పెచ్చులుగా రాలి బల్ల మీద పడ్డాయి, గులాబీ ముక్క ఒకటి నేను ఏరుకుని జేబులో వేసుకున్నాను, అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మొత్తం 81 గ్రాములు ఉందని ఆశపడితే చివరికి లెక్కకు వచ్చిన బంగారం 31 గ్రాములు. మోసం జరిగిందా అంటే అదీ తెలియదు, లోపలి యంత్రం ఇత్తడి ఉక్కు అని అప్పుడు మా ఇంట్లో ఎవరికీ ఆలోచన రాలేదు. మీ చిన్నాన్నగారికి ఈ ఒక్క లెక్క చూపించండి చాలు. నాలుగు సవర్లు చొప్పున ముగ్గురికి అంటున్నారు కదా, అంత రాదు, ఆయన డబ్బు కోసమే చూస్తున్నా సరే కరిగించడం నష్టం.

కొంగారెడ్డిపల్లె:

తీర్థకట్ట వీధి గారూ, మీకు దండం పెట్టాలి. ఆ ఎర్రగీత కుంకుమే.

అవ్వను అడిగాను. పెళ్లై వచ్చినప్పటినుంచి ప్రతి ఆయుధపూజకు తాత కత్తెర, పెన్ను, సైకిలు, ఈ గడియారం అన్నిటికీ పసుపు కుంకుమ పెడుతోందట. దొర నుదుటికి బొట్టు పెట్టి, తర్వాత పమిట చెంగుతో తుడిచేదట. తుడిచినప్పుడల్లా కొంచెం కొంచెం ఆ అంచులోకి వెళ్లి అరవై ఏళ్లుగా పేరుకుంది. మాకు పుట్టినప్పటినుంచి అది ఎర్రగీతే.

రూపాయి కూడా దొరికింది, 1907ది. పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరూ ఒక్కరే, ముక్కు, నుదురు, కళ్ల కింద ఉబ్బు అన్నీ. అత్త గెలిచింది. మూత తెరిచాం, లోపల ఆడమనిషి తల ముద్ర, పక్కనే 0,750, ఒక నంబరు ఉన్నాయి. చెంప దగ్గర చుక్కలు వరసలో లేవు. గడ్డంలో ఒక్కో వెంట్రుక ఒక్కో పొడవు.

కుంకుమ తీసేయాలా? తీయాలంటే ఎలా? చిన్నాన్న కుంకుడు రసంలో నానబెడితే పోతుందంటున్నాడు.

తీర్థకట్ట వీధి:

నానబెట్టడం వద్దే వద్దు. పెచ్చు ఊడిన చోటినుంచి నీళ్లు గాజు కిందికి దిగితే మెల్లగా మిగతాదీ లేస్తుంది. కుంకుడు రసం, చింతపండు, నగల షాపుల్లో గలగలలాడించి కడిగే మిషన్, వేడినీళ్లు, ఇవేవీ దీని దరికి రాకూడదు. కుంకుమను కూడా వదిలేయలేం, పసుపులో సున్నం కలిపి చేసేది కాబట్టి తేమ పట్టినప్పుడల్లా ఆ సున్నం పగుళ్లలో కూర్చుంటుంది. పిల్లల డ్రాయింగ్ కుంచెల్లో అన్నిటికంటే సన్నది, కొత్తది, పొడిగా తీసుకుని లోపలినుంచి బయటికి ఊడ్చినట్టు అనండి. రాకపోతే బలవంతం చేయకండి, అక్కడితో ఆపేయండి. పెచ్చు ఊడిన చోటును అసలు తాకొద్దు, రంగు నింపిస్తామని ఎవరైనా అన్నా వద్దనండి. అక్కడ మళ్లీ ఎనామిల్ వేయాలంటే మళ్లీ కొలిమిలో పెట్టాలి, బొమ్మ బతకదు.

బంగారం చూపించాలనుకుంటే హాల్‌మార్క్ సెంటర్లలో కేరట్ చూసే ఎక్స్‌రే మిషన్ ఉంటుంది, గీత పడదు. లోపలి మూతను కూడా విడిగా చూపించండి. చాలా గడియారాల్లో బయటి రెండు మూతలు బంగారం, లోపలిది ఇత్తడి మీద మెరుగు. ఒకసారి తిరుపతికి తీసుకొస్తే నేను చూస్తాను, డబ్బు అక్కర్లేదు, నాకూ చూడాలని ఉంది. లోపల విప్పాల్సి వస్తే పక్కన నా శిష్యుడు ఉంటాడు, వాడి కళ్లు బాగున్నాయి.

చంద్రగిరి దారి:

ఇంకో ముఖ్యమైన విషయం ఎవరూ చెప్పలేదు. అమెరికా అబ్బాయికి ఇచ్చి పంపే ఆలోచన మానుకోండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన, చరిత్రకు సంబంధించిన వస్తువు ఏదైనా పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని దేశం దాటించే అధికారం మామూలు మనుషులకు లేదు, కేంద్ర ప్రభుత్వానికీ అది అధికారమిచ్చిన సంస్థలకే ఉంది. మీదే వస్తువైనా, చేతికి గడియారంలా పెట్టుకుని వెళ్తున్నామన్నా ఒప్పుకోరు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే వస్తువూ పోతుంది, కేసూ అవుతుంది. ఇంట్లో ఉంచుకోవడం తప్పు కాదు. దేశంలోపల అమ్ముకోవాలంటే లైసెన్సు ఉన్న పాత వస్తువుల వ్యాపారి దగ్గరికే వెళ్లండి, పురావస్తువులు కొని అమ్మే వ్యాపారానికి లైసెన్సు ఉండాలని ఆ చట్టంలోనే ఉంది. చంద్రగిరి కోటలో రాజమహల్ మ్యూజియం పురావస్తు శాఖదే కదా, మీకు దగ్గర, ఒకసారి వెళ్లి ఎవరికి రాయాలో అడిగి చూడండి.

అన్నా చెల్లెళ్ల మధ్య పంచుకోలేని వస్తువు ఇంట్లో ఉంటే వచ్చే కష్టం నాకు తెలుసు. ఒకరు ఉంచుకుని మిగతా ఇద్దరికీ విలువ కట్టి ఇవ్వడం మేం చేశాం. కాకపోతే కాగితం మీద రాసుకోండి, నోటి మాట వద్దు.

కొంగారెడ్డిపల్లె:

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. మొన్న ఆదివారం నాయన, చిన్నాన్న, నేను ముగ్గురం బస్సులో తిరుపతి వెళ్లొచ్చాం. గడియారం దూదిలో పెట్టి, స్టీలు టిఫిన్ బాక్సులో పెట్టి, నాయన ఒళ్లో పెట్టుకున్నాడు, కాణిపాకం దాటేదాకా మాట్లాడలేదు.

ముందు హాల్‌మార్క్ సెంటర్. బయటి మూతలు 75.2 శాతం వచ్చాయి, లోపలి మూత ఇత్తడి. తర్వాత పెద్దాయన ఇంటికి వెళ్లాం. శిష్యుడు యంత్రాన్ని డొక్కులోనుంచి మొత్తంగా బయటికి తీసి విడివిడిగా తూకం వేసి చూపించాడు. యంత్రం, డయల్, అద్దం, లోపలి మూత, స్ప్రింగులు అన్నీ పోను బంగారం డొక్కు, దాని మీది గాజుతో కలిపి 42 గ్రాములు. 18 కేరట్‌ను మన లెక్కలోకి మారిస్తే ముగ్గురికీ కలిపి నాలుగు సవర్లు. చిన్నాన్న ఆ కాగితం చాలాసేపు చూశాడు. తర్వాత భూతద్దం అడిగి తీసుకుని మొదటిసారి బొమ్మ చూశాడు. "కన్ను తడిగా ఉన్నట్టుంది కదన్నా" అన్నాడు నాయనతో. అంతకు మించి ఏమీ అనలేదు. కాలేజీ ఫీజుకు నాయన, అత్త కలిసి ఇప్పటికి సర్దుతున్నారు, ఎవరి వాటా ఎంతో కాగితం రాసుకున్నారు. దీన్ని ఉంచుకోవడమా, లైసెన్సు ఉన్నవాళ్లకు చూపించడమా అన్నది దసరా తర్వాత కూర్చుని మాట్లాడుకుంటామన్నారు. వేలం మాట అత్త కొడుకు తనే వదిలేశాడు.

కుంకుమ పెద్దాయనే తీశారు, పొడి కుంచెతో, గంటన్నర పట్టింది. దాని కింద సన్నటి బంగారు అంచు బయటపడింది, గసగసాలంత పూసలు చుట్టూ వరసగా చెక్కి ఉన్నాయి. అరవై ఏళ్లుగా మా ఇంట్లో ఎవరూ వాటిని చూడలేదు. ఇంటికొచ్చి అవ్వకు చూపిస్తే వేలితో తడిమి, "మరి ఈసారి బొట్టు ఎక్కడ పెట్టేది" అంది. గొలుసుకు పెట్టమని పెద్దాయన ముందే చెప్పి పంపారు, అవ్వ ఒప్పుకుంది.

నడిపించి చూడలేదు, శుభ్రం చేసి నూనె వేయడానికి ఇంకోసారి రమ్మన్నారు. మంచి యంత్రమట, లోపల ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు పదిహేను ఉన్నాయట, తుప్పు లేదు.

ఇంకొకటి అడగాలి. వెనక మూత లోపల, ముద్రల కింద, సూదితో గీసినట్టు చాలా సన్నటి గీతలున్నాయి. రిపేరు చేసినవాళ్లు గుర్తుకోసం అలా గీసుకునేవాళ్లని పెద్దాయన చెప్పారు. మూడు చోట్ల ఇంగ్లీషు అంకెలు. నాలుగోది మాత్రం తెలుగు, ముందు "చి" అని ఒక అక్షరం, పక్కన తెలుగు అంకెల్లో ౩౪. అది 1934 అయ్యుండొచ్చని, చిత్తూరులోనే ఎవరో చేసి ఉంటారని ఆయన అనుకుంటున్నారు. ఆ రోజుల్లో చిత్తూరు బజారులో గడియారాల పని చేసిన కుటుంబాల వాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, మీ తాతగారు ఇలా తెలుగులో గుర్తు గీసేవారా అని ఇంట్లో ఒక్కసారి అడగండి. ఆ గీతల ఫోటో కింద పెట్టాను.